గౌరమ్మమిట్ట మూతలేని వాయనం

తుమ్మేటి దుర్గం శిథిలాలకు పడమరగా, ఎర్రమట్టి దారి కొండ ఎక్కే చోట గౌరమ్మమిట్ట ఉంది. బస్సు దిగి కాసేపు నడిస్తే అమ్మవారి రాతిగుడి కనిపిస్తుంది. గాలిగోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గుహవంటి గర్భగుడిలో అమ్మవారు స్వయంభువుగా వెలసి ఉంది. నిండు చూలాలి రూపం. రెండు చేతులతో కొంగు చాచి, కోట వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. అమ్మవారు మనల్ని ఏమి అడుగుతోందని కొత్తగా వచ్చినవారు తప్పక అడుగుతారు. వరాలిచ్చే చేతులను చూసి అలవాటుపడిన కళ్ళు కదా మనవి. దానికి సమాధానమే ఈ క్షేత్ర కథ.

పూర్వం ఇక్కడ గన్నభూపాలుడనే రాజు కోట కట్టి ఏలేవాడు. ఆయనకు ఇద్దరు రాణులు. పెద్దరాణి లక్కమాంబ, చిన్నరాణి సూరమాంబ. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. కానీ వీరిద్దరూ చాలాకాలం చక్కగా ఇమిడారు. సూరమాంబ కోటకు వచ్చేనాటికి జడ వేసుకోవడం కూడా సరిగా రాని పిల్ల. లక్కమాంబే తల దువ్వి, అంతఃపుర మర్యాదలు నేర్పింది. ఆ పిల్ల ఆమెను నోరారా అక్కా అని పిలిచేది. ఈ సంగతి భక్తులు మరువరాదు. శత్రువుకు చేసిన ద్రోహం వేరు, మన చేతుల మీద పెరిగినవారికి చేసిన ద్రోహం వేరు.

ఒక వానాకాలం లక్కమాంబ కొడుకు, అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న పసివాడు, జ్వరంతో పోయాడు. ఒళ్ళంతా నల్లమచ్చలు తేలి, రెండు పూటల్లో కళ్ళ ముందే వడలిపోయాడు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన రాణి పక్కన ఆమె దాది గంగసాని చేరి ఒక మాట అంది.

"ఆ పొద్దున బాబు చిన్నరాణిగారి మందిరంలో పాయసం తాగాడమ్మగారూ. నేను చూశాను."

అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. అది అబద్ధమూ కాదు, పిల్లవాడు పాయసం తాగిన మాట నిజమే. చెప్పుడు మాటలు చేటని లోకంలో అందరికీ తెలుసు. కడుపు కాలిన తల్లికి మాత్రం ఆ సమయంలో ఎవరు గుర్తుచేయగలరు? మరుసటి ఏడు సూరమాంబ నెల తప్పడంతో గంగసాని నిట్టూర్చి, "ఇక పట్టం ఎవరిదో తేలిపోయిందిగా" అంది. ఆనాడే లక్కమాంబ మనసు రాయి చేసుకుంది. ముఖాన నవ్వు మాత్రం చెరగనీయలేదు. చెల్లెలికి నెలలు నిండుతుంటే పుల్లమామిడి ముక్కలు తానే కోసి పంపేది.

అప్పట్లో పొరుగురాజుతో యుద్ధం నడుస్తోంది. పట్టుబడిన శత్రు వేగువాని దగ్గర ఆ రాజుగారి ముద్ర ఉంగరం ఒకటి దొరికింది. చెరసాల కాపలావాడు గంగసానికి మేనల్లుడు. ఉంగరం గుట్టుగా అంతఃపురానికి చేరింది.

శ్రావణ మంగళవారం వచ్చింది. రాణులిద్దరూ గౌరీవ్రతం చేశారు. వ్రతం చివర ముత్తైదువకు వాయనమివ్వాలి. చేటలో నానిన శనగలు, పసుపు కుంకుమలు, రవికగుడ్డ పెట్టి, పైన మరో చేట బోర్లించి కొంగు కప్పి ఇచ్చేదే మూసివాయనం. పుచ్చుకునే ఆమె ఆ క్షణాన మనిషి కాదు, సాక్షాత్తు గౌరి. లక్కమాంబ శనగల అడుగున ఉంగరం ఉంచి, చెల్లెలి ముందు నిలిచింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అని సూరమాంబ కొంగు చాచింది.

"నా వాయనం అందుకున్నదెవరమ్మా?"

"నేనే గౌరిని."

పుట్టిన ప్రతి ఆడపిల్లకూ వచ్చిన మాటలే ఇవి. వాటి అర్థం ఆ రోజు లక్కమాంబకు తట్టలేదు. అదే ఆమె చేసిన మహాపరాధం.

అంతఃపురం నుండి గుట్టుగా అందిన కబురుతో, సాయంత్రం కాకముందే రాజభటులు చిన్నరాణి మందిరం సోదా చేశారు. విప్పని చేటల మధ్య శత్రురాజు ముద్ర దొరికింది. రాజు నిప్పులు చెరుగుతూ వచ్చి నిలదీశాడు. సూరమాంబ బెదరలేదు.

"ఇది అక్క ఇచ్చిన వాయనం. ఇందులోకి ఇదెలా వచ్చిందో నాకు తెలియదు. అక్కను అడగండి, ఉన్నదున్నట్టు చెబుతుంది."

అందరూ లక్కమాంబ వైపు చూశారు. సూరమాంబ కళ్ళలో అనుమానమనేది లేదు. ఆ చూపు చూసి పెద్దరాణికి నిజం నోటిదాకా వచ్చింది. అంతలో చచ్చిపోయిన బిడ్డ గుర్తుకు వచ్చాడు.

"శనగలూ పసుపూ ఇచ్చాను. ఉంగరం సంగతి నేనెరుగను" అంది.

చూలాలిని చంపరాదు కనుక రాజు సూరమాంబను కోట వెలుపలికి, ఈ మిట్ట మీదికి వెళ్ళగొట్టాడు. ఆమె వెళుతూ శాపనార్థాలు పెట్టలేదు. కోటద్వారం దగ్గర ఆగి వెనుదిరిగి చూసిందని, అక్క కనిపించకపోతే మళ్ళీ నడిచిందని చెబుతారు.

ఆ నెల గడవకముందే గంగసాని మనవడికి జ్వరం తగిలింది. ఒళ్ళంతా నల్లమచ్చలు. వాడు చిన్నరాణి గడప తొక్కి ఎరుగడు, ఆమె ఇంటి మెతుకు తిని ఎరుగడు. గంగసాని గుండెలు బాదుకుంటూ వచ్చి పెద్దరాణి కాళ్ళ మీద పడింది.

"అదే జబ్బమ్మగారూ! మన బాబుకొచ్చిందే! పాయసం కాదమ్మా, పాడు గాలి. నా నోరు పడిపోనూ, ఏదో తోచి అన్నాను."

లక్కమాంబ ఆమెను కాళ్ళ మీద నుంచి లేపింది. తోచింది అన్నది దాది, నమ్మింది తాను. నేరుగా కొలువుకు వెళ్ళి, పరపురుషుల ఎదుట మేలిముసుగు తీసి, చేసిన పాపం రాజుకు చెప్పింది. పల్లకీ సిద్ధం చేయమని రాజు కేకలు వేస్తుండగానే వట్టి కాళ్ళతో మిట్ట దారి పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

కొండ మీద ఒక గుహ ముందు బయ్యన్న అనే గొర్రెలకాపరి ఎదురై సంగతి చెప్పాడు.

"గుడిసెకు రమ్మంటే రాలేదు తల్లీ. నేనిచ్చిన పాలు తాగి ఈడనే కూకునేది. 'మా అక్క నిజం చెప్తాది, నాకోసం మనుషులొస్తారు, కనపడకపోతే ఎనక్కి పోతారు' అనేది. రేతిరి పిడుగుల వాన కొట్టింది. తెల్లారి వచ్చి చూస్తే మనిషి లేదు. ఈ రాయి ఉంది. నిన్నటిదాకా ఈడ రాయి లేదమ్మా."

లక్కమాంబ గుహలోకి చూసింది. చాచిన ఆ కొంగు ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్క రోజు ముందు నోరు విప్పి ఉంటే చెల్లెలు దక్కేది, కడుపులోని బిడ్డ దక్కేది. రాతి పాదాలు పట్టుకుని ఆమె ఏడ్చిన ఏడ్పుకు గొర్రెలు మేత మాని నిలిచాయట.

తరువాత ఆమె కోటకు తిరిగి వెళ్ళలేదు. ప్రతి మంగళవారం చేటలో శనగలు పోసి, మూత వేయకుండా, అమ్మవారి ముందు పెట్టి "ఇస్తినమ్మ వాయనం" అనేది. బదులు వచ్చేది కాదు. ఏళ్ళు గడిచి తల నెరిసింది. ఒకనాటి తెల్లవారుజామున కలలో గౌరీదేవి కనిపించి ఇలా ఆనతిచ్చింది.

"నాకు చేసిన అపచారాన్ని ఎప్పుడో మన్నించాను. సూరమ్మకు చేసినదాన్ని మన్నించడం నా చేతిలో లేదు. అది ఆమె చేతిదే, ఆమె లేదు. నీకు చేయగలిగినది ఒక్కటే. ఇంకా వ్యవధి ఉన్నవాళ్ళు ఇక్కడికి వస్తారు. వాళ్ళను వెనక్కి పంపు."

ఆనాటి నుండి లక్కమాంబ తుదిశ్వాస వరకు ఈ గుడి వాకిట కూర్చుని ఆ పనే చేసింది. ఆమె తరువాత బయ్యన్న వంశపు ఆడపడుచులు అర్చకత్వం వహిస్తున్నారు.

ఈ క్షేత్రంలో నేటికీ మూసివాయనం లేదు. తోడికోడళ్ళు, అత్తాకోడళ్ళు, మాటలు లేని అక్కచెల్లెళ్ళు శ్రావణ మంగళవారాల్లో ఇక్కడికి వస్తారు. తెచ్చిన శనగలలో సగం అమ్మవారి కొంగులో పోసి "ఇస్తినమ్మ వాయనం" అంటారు. పుచ్చుకుంటినని గుడిలో ఎవరూ బదులివ్వరు. మిగిలిన సగం తినకుండా తీసుకువెళ్ళి, తాము నొప్పించిన మనిషి చేతిలో పెట్టాలి. ఆమె పుచ్చుకుంటినని అన్నప్పుడే మొక్కు తీరినట్టు. అలా తీర్చుకున్నవారి ఇంట కలహాలు నిలువవని, చూలాళ్ళకు సుఖప్రసవమవుతుందని పెద్దల మాట.

ఇప్పటి అర్చకురాలు ఈరమ్మ గుడి వాకిట చాప పరుచుకుని కూర్చుంటుంది. కళ్ళనీళ్ళతో వచ్చిన ప్రతివారినీ "ఆమె ఇంకా ఉందా?" అని అడుగుతుంది. ఉందంటే ఇక నిలవనివ్వదు. "మరి ఈడేం పని తల్లీ? పొద్దుండగానే బస్సుంది, పో" అని గదమాయిస్తుంది. లేదంటే మాత్రం, చాప మీద కొంచెం జరిగి, పక్కన చోటిస్తుంది.