గాజుల ఇమామప్ప పుస్తకం

మౌలాలికి ఒకటే వెలితి. పోయిన పీర్ల పండగ నుంచి ఈ పీర్ల పండగ దాకా జమాల్ తాత ఇంట్లోని పుస్తకాలు యాభై మూడు చదివాడు. తాత వాటి గురించి ఒక్క మాటైనా అడగలేదు.

పెన్న ఒడ్డున తాతది రెండు గదుల మట్టిమిద్దె. ఒక గదిలో తాత, రెండో గది నిండా పుస్తకాలు. ఏ కులంవాళ్ళైనా, ఏ మతంవాళ్ళైనా ఆయన్ను తాత అనే పిలుస్తారు. గురువారం మధ్యాహ్నం జనం వచ్చి వసారాలో కూర్చుంటారు. స్తంభం పక్కన జంపఖానా మీద కూర్చుని తాత నాలుగు మాటలు చెబుతాడు. ఇంత చదివాక ఆ జంపఖానా మీద కూర్చోవడానికి తనకేం తక్కువని మౌలాలి అనుకున్నాడు. పైగా తన జ్ఞాపకశక్తి మీద అతనికి గట్టి నమ్మకం.

ఇక ఉండబట్టలేక, చదివిన పుస్తకాల పేర్లన్నీ గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసి తాత ముందు పెట్టాడు. తాత అప్పుడు మంచానికి నులక బిగిస్తున్నాడు. ఒక చేత్తో నులక పట్టుకునే, కాగితం పైనుంచి కింద దాకా చూశాడు.

"అన్నీ చదివినావా?"

"ఒక్క పేజీ వదల్లేదు తాతా."

"ఇమామప్ప పుస్తకం కూడా ఉందే."

"అదా! చిన్నది. ఒక్క పూటలో అయిపోయింది."

"మంచిది. రేపు హుసేనమ్మ వస్తుంది. నువ్వే చదివి వినిపించు" అని తాత మళ్ళీ నులక లాగాడు.

ఇమామప్ప గాజుల వ్యాపారి. గాజులు గుచ్చి కట్టిన మలారం భుజాన వేసుకుని ముప్పై ఏళ్ళపాటు ఊరూరా నడిచాడు. ఎక్కడ పడుకున్నాడో, ఎవరు మంచినీళ్ళిచ్చారో, ఎవరు కసిరారో, అంతా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన పోయాక భార్య హుసేనమ్మ ఆ పుస్తకం తెచ్చి తాతకిచ్చింది. "మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు. ఇక్కడైతే ఎవరో ఒకరు చదువుతారు" అంది. ఏటా ఆయన పోయిన రోజున నడిచి వచ్చి, పుస్తకం మొత్తం చదివించుకుని విని వెళ్తుంది. ఇన్నేళ్ళూ తాతే చదివేవాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన చక్కెర ఆయన పేరిట ఫాతెహా చదివింపులకని తాత చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. తాత ఆమె పక్కన కూర్చుని, జంపఖానా వైపు చూపించి, "కూర్చో మౌలాలీ" అన్నాడు.

మౌలాలి గుండె పొంగింది. పుస్తకం తేవడానికి లోపలికి పరుగెత్తాడు.

చదివాక దాన్ని ఎక్కడ పెట్టాడో గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. తర్వాతి పుస్తకం అందుకునే తొందరలో అరలో పెట్టలేదు. కిటికీ కింద నేల మీద వదిలేశాడు. చేతిలోకి తీసుకోగానే దానితోపాటు మట్టి లేచింది. తెరిచి చూశాడు. మొదటి పేజీలు బాగున్నాయి, చివరివీ బాగున్నాయి. మధ్యలో ఆరు కాగితాలను చెదలు తినేయగా మట్టిగూడు మిగిలింది.

 ఒక్క క్షణమే తడబడ్డాడు. 'చదివిందే కదా, ఆ కాస్త నోటితో చెప్పేయొచ్చులే' అనుకుని, మట్టి దులిపి, వచ్చి జంపఖానా మీద కూర్చున్నాడు.

గొంతు సవరించుకుని బాగానే చదివాడు. హుసేనమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. కాగితాలు లేని చోటు వచ్చింది. మౌలాలి ఆగకుండా అందుకున్నాడు.

"తర్వాత నేను అక్కడి నుంచి బయలుదేరి చాలా ఊళ్ళు తిరిగాను. ఎందరో మంచి మనుషులను కలిశాను..."

హుసేనమ్మ కళ్ళు తెరిచింది. "అది కాదు నాయనా."

"ఏది జేజీ?"

"ఊళ్ళు తిరగలేదే. జొరమొచ్చి గొర్లదొడ్డి కాడ పడిపోయినాడు కదా."

మౌలాలి పుస్తకంలోకి చూశాడు. చూడటానికి అక్కడేమీ లేదు. జ్వరం సంగతి తను చదివే ఉండాలి. ఎంత తడుముకున్నా మనసులో గొర్రెలూ లేవు, దొడ్డీ లేదు. ఇంకొక అబద్ధం నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

లేచి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకం తెరిచి చూపించాడు. "చెదలు తినేసినాయి జేజీ. నేనే నేల మీద పడేసినాను."

ఆమె ఆ మట్టిని వేలితో తాకింది.   మౌలాలికి తల ఎత్తే ధైర్యం లేకపోయింది.

తాత లోపలికి వెళ్ళి ఆరు తెల్లకాగితాలు, సిరాబుడ్డి, కలం తెచ్చి మౌలాలి ముందు పెట్టాడు. తర్వాత హుసేనమ్మ చేయి పట్టుకుని లేవదీసి, తీసుకెళ్ళి జంపఖానా మీద కూర్చోబెట్టాడు. తను వచ్చి కింద, మౌలాలి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు హుసేనమ్మా" అన్నాడు.

ఆమె మొదలుపెట్టింది. తడుముకోలేదు. అక్షరం ముక్క రాని మనిషి, భర్త ఎలా రాశాడో అలాగే, మాట పొల్లుపోకుండా చెప్పుకుపోయింది. మౌలాలి రాసుకుపోయాడు. మూడు రోజులు జ్వరం. గొర్రెలు కాసే గంగమ్మ రోజూ ఇంత రాగి అంబలి తాగించింది. నాలుగో రోజు ఇమామప్ప లేచి కూర్చుని, మలారం విప్పి, "నచ్చినవి తీసుకో తల్లీ" అన్నాడు. గంగమ్మ నవ్వి, మొగుడు పోయాక బోసిపోయిన తన చేతులు రెండూ చూపించింది.

"'ఇన్నేళ్ళు మోసినా, మలారం ఇంత బరువని ఆ రోజే తెలిసింది'" అంది హుసేనమ్మ. "నాకు చదివి వినిపించేటప్పుడు, ఈ మాట కాడ మా ఆయన కొంచెంసేపు ఆగేవాడు."

కలం ఆపి మౌలాలి తలెత్తాడు. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. ముప్పై ఏళ్ళు గాజులు అమ్మిన మనిషి భార్య. చేతులకు ఒక్క గాజు కూడా లేదు.

ఆరు కాగితాలూ నిండాయి. "ఇప్పుడు మొదటి నుంచి చదువు" అందామె. మౌలాలి కిందనే కూర్చుని, మెల్లగా, చివరి దాకా చదివాడు. రెండు చోట్ల ఆమె సరిదిద్దింది. దిద్దుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ హుసేనమ్మ అతని తల మీద చేయి వేసింది. "వచ్చే ఏడు కూడా నువ్వే చదువు నాయనా."

ఆమె ఏటిగట్టు దిగి కనుమరుగయ్యేదాకా మౌలాలి వాకిట్లోనే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి అడిగాడు.

"ఇప్పుడు నన్ను ఏం చదవమంటావు తాతా?"

"ముందు ఆ గదిలోని పుస్తకాలన్నీ బయట ఎండలో పెట్టు" అన్నాడు తాత. "అందులో ఏది నిన్ను లేవనియ్యకుండా కూర్చోబెడితే, అది."