ఎల్లిపాయ ఒలిచిన రాకుమారుడు

రండర్రా, చేటలు ముందుకు లాక్కోండి. ఆవకాయకి వెల్లుల్లి ఒలుస్తూ కథ వినండి. మీ చెయ్యి ఆగిందో, నా నోరూ ఆగుతుంది!

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిలో మొనగాడు. రెండోవాడు విల్లులో మొనగాడు. మూడోవాడు మణికేతుడు. తల్లి లేని పిల్లాడని దాది మల్లవ్వ వాణ్ణి వంటింట్లోనే పెంచింది. "ఒరే వంటింటి కుందేలూ!" అని అన్నలు ఆటపట్టించేవాళ్లు. వాడు నవ్వి ఊరుకునేవాడు. అన్నలంటే వాడికి అంత ఇష్టం.

మల్లవ్వ వెల్లుల్లిని ఎల్లిపాయ అనేది. వెళ్లిపోయిందనడానికి ఎల్లిపాయె అనేది. "అయ్యో, పాలు పొంగి ఎల్లిపాయె!" అంటే చాలు, పాలల్లో వెల్లుల్లి ఎందుకేశావవ్వా అని వీడు గిన్నెలోకి తొంగి చూసేవాడు.

ఒకరోజు అన్నలిద్దరూ దేశాలు చూడ్డానికి వెళ్లి మరి తిరిగి రాలేదు. ఏడు సముద్రాల అవతల ఘోరాక్షుడనే మాంత్రికుడు వాళ్లని రాళ్లు చేసేశాడని కబురొచ్చింది. రాజు మంచం పట్టాడు.

"నేను తీసుకొస్తాను నాన్నగారూ," అన్నాడు మణికేతుడు.

"కత్తులున్నవాళ్లే రాళ్లయ్యారు, నువ్వేం చేస్తావురా?"

"కత్తి లేనివాడేం చేస్తాడో చూద్దురుగాని!" అని మల్లవ్వ కట్టిచ్చిన మూట భుజాన వేసుకుని బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక గండభేరుండ పక్షి దగ్గలేక దగ్గుతోంది. మణికేతుడు మూట విప్పి, వెల్లుల్లి రెబ్బలు నేతిలో వేయించి పెట్టాడు. పక్షి గొంతు తేటపడింది.

"బతికించావు నాయనా, ఎక్కు!" అంది.

ఒక సముద్రం దాటారు. రెండో సముద్రం దాటారు. అలా ఏడూ దాటేలోపు పక్షి అసలు గుట్టు చెప్పింది.

"ఘోరాక్షుడి ప్రాణం వాడి చిలకలో ఉంది. దాని పేరు కూడా 'ప్రాణం'. విన్నమాటే పలుకుతుంది. ఏమాటైనా మూడుసార్లు పలికిందా, అది జరిగి తీరుతుంది. కత్తి దాని ఈకని కూడా తెంచలేదు."

కోట పెరట్లో కొండంత వెల్లుల్లి రాశి. పక్కన చెరపట్టి తెచ్చిన రాకుమారి చంపకవల్లి, గోళ్లు అరిగేలా ఒలుస్తోంది.

"ఇన్ని ఎల్లి..." అనబోయాడు మణికేతుడు.

ఆమె గాభరాగా అడ్డుపడింది. "ఆ మాట అనకండి! ఇక్కడ తెల్లగడ్డ అనాలి. ఆ పేరెత్తిన వంటవాణ్ణి కప్పని చేశాడు. ఎందుకో మరి!"

ఎందుకో మణికేతుడికి చటుక్కున తట్టింది. మీకూ తట్టిందా? తట్టినా బయటపెట్టకండి.

ఇంతలో ఘోరాక్షుడు చిలకని వెంటేసుకుని వచ్చాడు. అన్నల కోసం వచ్చానన్నాడు మణికేతుడు. "నా ప్రాణం ఒలిచిన తెల్లగడ్డే తింటుంది. రెబ్బకి గాటు పడకూడదు. మూడు రాశులు, ఒక్కో రాశికి ఒక్కో పగలు. ఒలిస్తే మీ అన్నల్నీ, ఈ పిల్లనీ వదిలేస్తా. లేదా, నువ్వూ రాయివే! మీ అన్నలు కత్తులతో ఒలిచారు. ఒక్క రెబ్బ సరిగ్గా ఉంటే ఒట్టు!"

"అంతేనా?" అన్నాడు మణికేతుడు.

మొదటి రాశి ఎండు వెల్లుల్లి. పాయల్ని అరచేత్తో నొక్కి రెబ్బలు విడదీశాడు. బిందెలో పోసి, పైన మరో బిందె బోర్లించి, మూతికి మూతి పట్టుకుని గడగడా ఊపాడు. పొట్టంతా ఊడి పైకి తేలింది.

రెండో రాశి కొత్త పంట. పొట్టు జిగురులా పట్టేసుకుంది. రెబ్బలకి నూనె రాసి ఎండలో పోశాడు. ఎండాక గోనెగుడ్డలో నలిపాడు, చంపకవల్లి చేటతో చెరిగింది. పొట్టు గాలికి, రెబ్బలు చేటలో!

మూడో రాశి మరీ సన్న రెబ్బలు, వేళ్లకి దొరకవు. గోరువెచ్చటి నీళ్లలో నానబోసి, మొదలు దగ్గర కాస్త నొక్కాడు. రెబ్బ పుటుక్కున బయటికి జారింది. పొద్దింకా ఉండగానే పని తెమిలింది.

"మా అన్నల్ని వదులు," అన్నాడు.

ఘోరాక్షుడు విరగబడి నవ్వాడు. "మాంత్రికుడి మాట నీటిమీద రాత! ప్రాణమా, పలుకు..."

వాడు 'రాయి' అనేలోపే మణికేతుడు తెల్లటి రెబ్బ ఒకటి చిలక ముక్కుముందు ఆడించి అరిచాడు.

"ప్రాణం, ఎల్లిపాయ!"

చిలకకి ఆకలి. దాని చూపంతా రెబ్బమీదే. విన్నది విన్నట్టు, మాట తోక మాత్రం కాస్త సాగదీసి పలికింది.

"ప్రాణం ఎల్లిపాయె! ప్రాణం ఎల్లిపాయె!"

"ఆపవే! నోర్ముయ్యవే!" అని ఘోరాక్షుడు మీదికి దూకాడు.

"ప్రాణం ఎల్లిపాయె!"

అంతే, దూకినవాడు దూకినట్టే పడ్డాడు. ఎల్లిపాయె!

చిలకకి మరో రెబ్బ ఇచ్చి "మనుషులు" అనమన్నాడు మణికేతుడు. మూడో పలుకుకి రాళ్లు కదిలాయి, కప్పయిన వంటవాడు గరిటెతో సహా లేచి నిలబడ్డాడు. అన్నలు పరుగున వచ్చి తమ్ముణ్ణి కావిలించుకుని ఏడ్చేశారు. "ఇంకెప్పుడూ కుందేలనం రా!" అన్నారు.

"వంటింట్లోకొచ్చి ఒక చెయ్యి వేస్తే చాల్లే అన్నయ్యా!" అన్నాడు వాడు.

గండభేరుండ పక్షి అందర్నీ ఇల్లు చేర్చింది. మణికేతుడికీ చంపకవల్లికీ అంగరంగ వైభవంగా పెళ్లయింది. పెళ్లి వంటకి వెల్లుల్లి ఒలిచింది ఎవరనుకున్నారు? అన్నలే! వాళ్లే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టారు. వాడు తల నెరిసేదాకా చల్లగా ఏలాడు.

కథ ఎల్లిపాయె. మీ చేటల్లో ఎల్లిపాయ అలాగే ఉంది. ఏదీ, ఆ బిందె ఇలా అందుకోండి!