మోకాళ్ళు చూసి ఎంచిన జట్టు

మెల్‌బోర్న్‌కి పడమటగా, రైలు ఆఖరి స్టేషను దాటాక, పదకొండో నంబరు ఇంట్లో ముగ్గురు తెలివైనవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ సంగతి ఆ ముగ్గురికే తెలుసు.

పెద్దాయన వరహాలు. ఆఫీసు లిఫ్టు పక్కన 'మంటలు వస్తే మెట్లు వాడండి' అని రాసి ఉంటుంది. ఒకరోజు లిఫ్టు పాడైంది. మంటలు రాలేదు కదా, మెట్లెలా వాడతాం అని తొమ్మిదో అంతస్తులో సాయంత్రం దాకా కూర్చున్నాడు. తమ్ముడు గవర్రాజు. భోజనం తర్వాత రోజుకి మూడు మాత్రలు వేసుకోమన్నాడు డాక్టరు. ఇంట్లో రెండుపూటలే వంట. అంతే, మూడో భోజనానికి పక్కింటి కెవిన్ ముసలాయన దగ్గరికెళ్ళి కూర్చునేవాడు.

ఇక వరహాలు భార్య తాయారు. మిగతా ఇద్దరికీ తెలివి పుట్టుకతో వచ్చిందనీ, తనకి మాత్రం అత్తగారు నేర్పిందనీ చెప్పుకునేది. అత్తగారు నేర్పినవి రెండే. పరాయి ఇంటివాళ్ళ చేతికి అంటు గిన్నె ఇవ్వకూడదు. ఉత్త గిన్నె అసలే ఇవ్వకూడదు. కెవిన్ ఒకసారి నిచ్చెన అరువిస్తే తాయారు దాన్ని సబ్బుపెట్టి తోమి, ఉత్తది ఇవ్వడం మర్యాద కాదని మెట్టుకొక అరిసె అంటించి తిరిగిచ్చింది. ఆ ఏడంతా ముసలాయన నిచ్చెన ఎక్కితే చీమలు ఆయన్ని ఎక్కేవి.

ఇంత తెలివి ఉన్న ఇంటికి రెండేళ్ళుగా ఒక అవమానం జరుగుతోంది.

అక్కడి తెలుగువాళ్ళ సంఘంలో ఒక పోటీ ఉంది. ఆ దేశంలో కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఆట ఒకటుంది కదా, కాలితో తన్నుతారు, పిడికిలితో గుద్దుతారు, ఒకడి భుజాలెక్కి ఇంకొకడు పట్టుకుంటాడు, దాన్ని ఫుట్టీ అంటారు. ఆ ఆటగాళ్ళలోంచి ఒక్కో ఇంటివాళ్ళూ ఫోనులో ఒక్కో ఉత్తుత్తి జట్టు కట్టుకోవాలి. మైదానంలో వాళ్ళు నిజంగా ఎలా ఆడితే ఫోనులో మనకలా పాయింట్లు వస్తాయి. గెలిచిన ఇంటికి దండ వేస్తారు. ఆఖరున వచ్చిన ఇల్లు దసరా భోజనాల గుండిగలు తోమాలి.

రెండేళ్ళూ తోమింది తాయారే. పులిహోర గుండిగ, సాంబారు గుండిగ, పరమాన్నం గుండిగ. అన్నదమ్ములిద్దరూ పక్కన నిలబడి, గుండిగ గుండ్రంగా ఉంది కనక గుండ్రంగా తోమాలని సలహా ఇచ్చారు. సత్యవేణి అనే ఆవిడ మాత్రం పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మరీ వచ్చి, కాలి బొటనవేలితో చూపించేది. "తాయారక్కా, అదిగో అక్కడ పసుపు మరక. అబ్బే, అక్కడ కాదు, లోపలికి దూరి చూడు."

దూరి చూసింది తాయారు. తల పట్టింది గానీ జుట్టుముడి పట్టలేదు. మళ్ళీ ఉగాది దాకా కుడి భుజం లేవలేదు.

"ఈసారి గనక ఆఖరున వస్తే నేను దసరాకి రాను, మీరిద్దరే దూరండి" అంది మూడో ఏడు మొదట్లోనే.

"ఆఖరున రావడమేంటే? పోయినేడు మనం బుర్ర వాడలేదు. ఈసారి వాడదాం" అన్నాడు వరహాలు.

"అంత మాటెందుకు అన్నయ్యా, కెవిన్‌ని అడుగుదాం" అన్నాడు గవర్రాజు.

కెవిన్ అరవై ఏళ్ళుగా ఫుట్టీ చూస్తున్నవాడు. ఓపిగ్గా చెప్పాడు. "పెద్ద ఆటగాళ్ళని ఎవరైనా ఎంచుకుంటారు. కిటుకంతా ఈ ఏడే కొత్తగా చేరిన కుర్రాళ్ళని పట్టుకోవడంలో ఉంది. వాళ్ళని రూకీలంటారు. జట్టులో సగం వాళ్ళే ఉండాలి. ఒక్కొక్కడి గురించి బాగా వాకబు చెయ్యండి. ముఖ్యంగా మోకాళ్ళు చూసుకోండి. ఈ ఆటలో మోకాలు పోతే మనిషి పోయినట్టే."

కుర్రాళ్ళని వాకబు చెయ్యడం తెలుగువాళ్ళకి ఒకరు నేర్పాలా? ఇంకేముంది, తాయారు పంచాంగం తీసింది. గవర్రాజు క్లబ్బులన్నిటికీ ఉత్తరాలు రాశాడు. అబ్బాయి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి పుట్టాడు, తాగుడు ఉందా, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు ఎందరు, మేనత్తలు ఎలాంటివాళ్ళు.

పద్దెనిమిది క్లబ్బుల్లో పదిహేడు జవాబివ్వలేదు.

"చూశావా, ఏదో దాస్తున్నారు" అన్నాడు వరహాలు.

పద్దెనిమిదోది ఉత్తరాన్ని ఇంటికి పంపినట్టుంది, ఆంగస్ అనే కుర్రాడి తల్లి జవాబు రాసింది. తెల్లవారుజామున నాలుగూ పదికి పుట్టాడట. బోసినవ్వుల ఫోటో కూడా జతచేసింది. తాయారు ఆ ఫోటో చూసి కరిగిపోయింది.

"తల్లి మంచిది. కుర్రాడెలాంటివాడైనా సర్దుకోవచ్చు" అంది.

అలా ఒక రూకీ ఖాయమయ్యాడు. ఇక మోకాళ్ళు.

జనాన్ని రానిచ్చే రోజు చూసుకుని ముగ్గురూ ఒక క్లబ్బు సాధన మైదానానికి వెళ్ళారు. కుర్రాళ్ళు పరిగెడుతున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరు బాగా తన్నుతున్నారో చూస్తున్నారు. మనవాళ్ళు చూడలేదు. కెవిన్ మోకాళ్ళే చూడమన్నాడు కదా. వరహాలు గడ్డిలో బోర్లా పడుకుని కంచె కింది సందులోంచి చూశాడు. గవర్రాజు ఫోనుతో ఒక్కో మోకాలికీ ఫోటో తీశాడు. తాయారు చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకున్నాడు కూడా. 'నున్నగా ఉంది. గుండ్రంగా ఉంది. ఇది కాస్త దిగులుగా ఉంది.'

తాయారుకి తన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. ఆ రోజు తనని అటొకసారి, ఇటొకసారి నడిపించారు. పేపరు చదివించారు. జడ నిజమైనదా అని లాగి మరీ చూశారు. వరహాలు మోకాళ్ళు చూద్దామని మాత్రం తనవైపు వాళ్ళకి ఒక్కరికీ తోచలేదు. చూసుంటే ఎంత బాగుండేది అనుకుంది. ఆయనకి మెట్లు దిగితే నొప్పి.

ఇంటికొచ్చి ఫోను తెరిచారు. ఆటలో కుర్రాళ్ళ మొహాలున్నాయి. మోకాళ్ళు లేవు.

అప్పుడు గవర్రాజు బుర్ర పనిచేసింది. "వదినా, మనం చూసిన మోకాళ్ళకి ఏ మొహం దగ్గరగా ఉందో చూద్దాం."

అంతే. ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని పోల్చారు. మోకాలికి జుట్టుండదు కనక జుట్టున్న వాళ్ళందరూ పోయారు. గుండు గీయించుకున్న రూకీలు ఆరుగురు మిగిలారు. ఆరుగురినీ తీసుకున్నారు.

మర్నాడు కెవిన్ ఆ జట్టు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇందులో ముగ్గురికి ఇంకా వాళ్ళ క్లబ్బు జట్టులోనే చోటు లేదు. సరే, వీళ్ళని బెంచీ మీద పెట్టండి. కెప్టెన్‌గా ఎవర్నైనా పెద్ద ఆటగాణ్ణి పెట్టండి. కెప్టెన్‌కి పాయింట్లు రెండింతలు."

పెద్ద ఆటగాడంటే అందరికంటే పెద్దవాడేనని ఆ ఇంట్లో వేరే చెప్పాలా? పెద్దవాళ్ళుండగా చిన్నవాళ్ళకి పెత్తనం ఇచ్చే అలవాటు లేదు. అందరి పుట్టినరోజులూ చూశారు. ముప్ఫయ్యారేళ్ళ డెస్మండ్ అనే ఆయన దొరికాడు. కాలికి కట్టుతో ఉన్నాడు. నెలల తరబడి ఆడడని కింద ఎర్రక్షరాల్లో రాసి కూడా ఉంది.

"ఆడకపోతే సున్నా కదా అన్నయ్యా?" అన్నాడు గవర్రాజు.

"అందరికీ ఒక్క సున్నా వస్తే కెప్టెన్‌కి రెండు సున్నాలు వస్తాయిరా. పోయేదేముంది?"

పోయింది. మొదటి నెలలోనే అడుక్కి చేరారు. అయినా డెస్మండ్‌ని తియ్యలేదు. "కాలు విరిగి మంచంలో ఉన్న పెద్దాయన చేతిలోంచి పెత్తనం లాక్కుంటామా, మనం మనుషులమేనా?" అంది తాయారు.

ఇంతలో అక్కడి జూన్ చలి మొదలైంది. ఒక పొద్దున్న తాయారు కాఫీ తాగుతూ ఉలిక్కిపడింది. "ఏవండీ, మన బెంచీ మీద పిల్లలు మార్చి నుంచీ కూర్చునే ఉన్నారు."

"అవును."

"ఈ చలిలో."

ఇంకేముంది, బాగా ఆడుతున్న ఆంగస్‌ని తీసి బెంచీ మీద కూర్చోబెట్టి, చోటే లేని గుండు కుర్రాణ్ణి లోపల పెట్టారు. "ఆంగస్ పరిగెత్తి పరిగెత్తి వేడిగా ఉన్నాడు, కాసేపు కూర్చుంటాడు" అంది తాయారు. ఆ వారం ఆంగస్ జీవితంలోనే అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. బెంచీ మీద వాడి పాయింట్లు ఎవరికీ రావు. పైవారం వాణ్ణి లేపి ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. ఆ పైవారం మరొకణ్ణి. కోడళ్ళకి వంటవంతు వేసినట్టు వంతులు వేశారు. ఎవడు ఆడే వారం వాడు బెంచీ మీద, ఎవడు ఆడని వారం వాడు లోపల.

దార్లో కనబడినప్పుడల్లా సత్యవేణి పలకరించేది. "తాయారక్కా, కొబ్బరిపీచు కొనిపెట్టుకున్నావా? ఇప్పుడు చవగ్గా ఉంది."

అయితే సత్యవేణి వాళ్ళూ గొప్పగా ఏమీ లేరు. అడుగునుంచి రెండో ఇల్లు వాళ్ళదే. ఆఖరి వారం వచ్చేసరికి ఈ రెండిళ్ళకీ తేడా నలభై పాయింట్లు. మైదానానికి వెళ్ళినట్టు కెవిన్ మెడకి కండువా చుట్టుకుని వచ్చి, ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టాడు.

"ఈ ఒక్కవారం మీకు దణ్ణం పెడతాను. ఆదివారం ఆటలయ్యేదాకా ఏదీ ముట్టుకోకండి."

ముట్టుకోలేదు. ఫోను ముట్టుకోలేదు. స్టవ్వు ముట్టుకోలేదు. తలుపు ముట్టుకోలేదు కనక వరహాలు రెండ్రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. గవర్రాజు వంటగట్టు మీద గెలలోంచి అరటిపండు నోటితోనే లాక్కున్నాడు. కెవినే తాళంచెవితో వచ్చి ముగ్గురికీ చెంచాతో ఓట్సు తినిపించి, తన్ను తాను తిట్టుకుంటూ వెళ్ళేవాడు.

అక్కడ సత్యవేణి తెలివైన మనిషి కనక ఆఖరి గంటలో సగం జట్టు మార్చింది. మార్చినవాళ్ళలో ఇద్దరికి జ్వరం వచ్చింది. ఇక్కడేమో డెస్మండ్ కాలికట్టు విప్పాడు. ఇదే తన ఆఖరి ఆట అని చెప్పి బరిలోకి దిగాడు. ముసలి ఎద్దుకి పూనకం వచ్చినట్టు ఆడాడు. ఆ రోజుకి దేశంలో ఆయన్ని కెప్టెన్‌గా ఉంచుకున్న ఇళ్ళు ఎన్నుంటాయో గానీ, మన సంఘంలో ఒక్కటే. పాయింట్లు రెండింతలు.

ఆదివారం సాయంత్రం కెవిన్ ఫోను చూసి గోడకి ఆనుకున్నాడు. "మీరు సత్యవేణి వాళ్ళకంటే మూడు పాయింట్లు ఎక్కువ. ఆఖరున రాలేదు."

"పెద్దవాళ్ళని గౌరవిస్తే ఊరికే పోదు" అన్నాడు వరహాలు.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది తాయారు. ముట్టుకోవచ్చన్నాక రెండు చేతులూ మొహానికి కప్పుకుని ఏడ్చింది.

దసరా రోజు తాయారు పట్టుచీర కట్టుకుంది. కడుపునిండా భోంచేసింది. హాలు వెనక కుళాయి దగ్గర మూడు గుండిగలూ అడుగంటి, మసిపట్టి, ఆవిడ రెండేళ్ళు కలగన్నట్టే ఉన్నాయి. సత్యవేణి చీర దోపుకుని, మొహం గంటుపెట్టుకుని వచ్చి చెయ్యి చాపింది.

"ఇవ్వు తాయారక్కా, కానీ."

తాయారు పులిహోర గుండిగ ఎత్తబోయి ఆగింది. లోపలికి చూసింది. అత్తగారు గుర్తొచ్చింది.

"అయ్యో, అంటు గిన్నె నీ చేతికెలా ఇస్తాను సత్యవేణీ? మాకు మర్యాద తెలీదనుకున్నావా? ఒక్క నిమిషం."

కొంగు బిగించింది. మూడు గుండిగలూ లోపలికి దూరి తోమింది. మూడో గుండిగలో మొహం చూసుకుని బొట్టు కూడా దిద్దుకుంది. పులిహోర గుండిగ రెండు చేతులా ఎత్తి ఇవ్వబోయి మళ్ళీ ఆగింది.

"ఉత్త గిన్నె ఇవ్వకూడదు. ఏవండీ, పరమాన్నం ఏమైనా మిగిలిందా?"

వరహాలు ఒక గరిటెడు తెచ్చి వేశాడు. తాయారు గుండిగలోకి చూసి నాలిక కరుచుకుంది.

"అంటయిపోయింది. ఉండు సత్యవేణీ, కడిగిస్తాను."

సత్యవేణి ఏమనుకుందో ఏమో, కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. వరహాలు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. గవర్రాజు పరమాన్నం అయిపోవస్తోందని ఇంకో గిన్నె పెట్టడానికి ఇంటికి పరిగెత్తాడు.

అయిదోసారి తోముతూ తాయారు గుండిగలోంచి తల బయటికి పెట్టింది. చెంప మీద పసుపు మరక. మొహం దీపంలా వెలుగుతోంది.

"ఏవండీ, ఓడిపోయి తోమినప్పుడు భుజం ఎంత లాగేదో" అంది. "గెలిచాక చూడండి, అసలు నొప్పే లేదు."