జవాబులన్నీ ఆయనవే

పామర్రులో పిచ్చేశ్వరరావు అనే పెద్దమనిషి ఉండేవాడు. భార్యను ఎవరు ఏమడిగినా జవాబు తనే చెప్పేయడం ఆయనకు అలవాటు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి "ఏం సౌభాగ్యమ్మక్కా, నీరసంగా ఉన్నావు?" అని అడిగితే, లోపల పేపరు చదువుకుంటున్న మనిషి "దానికేం, రాయిలా ఉంది!" అని అరిచేవాడు. కూర ఎలా వండావన్నా అంతే, కాళ్ళ నొప్పులు తగ్గాయా అన్నా అంతే. సౌభాగ్యమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసేసేది. వినేవాళ్ళకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం పాపం, భార్యకు శ్రమ తప్పిస్తున్నాననుకునేవాడు.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి సౌభాగ్యమ్మకు కుడికన్ను కనిపించలేదు. కంట్లో నొప్పి లేదు, ఎరుపు లేదు. పిచ్చేశ్వరరావు ఆవిడను మందుల షాపుకు తీసుకెళ్ళాడు.

"ఇంకేమైనా బాధగా ఉందా అమ్మా?" అని షాపతను ఆవిడనే అడిగాడు.

"బాధా లేదు, పాడూ లేదు. దుమ్ము పడి ఉంటుంది. చుక్కల మందు ఇవ్వవయ్యా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

చుక్కలు వేశారు. చూపు రాలేదు. మర్నాడు ఎడమకన్ను కూడా కాసేపు మసకబారి తేటపడింది. అప్పుడు భయం వేసింది ఆయనకు. అప్పుడు బయల్దేరదీశాడు విజయవాడకు!

కళ్ళ డాక్టరు హైమవతి కుడికన్ను లోపలికి చూసింది. నరం వాచి పాలిపోయి ఉంది.

"అమ్మా, ఈమధ్య తలనొప్పి వస్తోందా?"

"అబ్బే, లేదండీ," అన్నాడు భర్త.

"దువ్వుకుంటుంటే మాడు నొప్పెడుతోందా?"

"దాని జుట్టుకేం డాక్టరమ్మా, ఈ వయసులో కూడా..."

"అన్నం నములుతుంటే దవడ లాగుతోందా?"

"శుభ్రంగా తింటుంది."

డాక్టరు పెన్ను బల్లమీద పడేసింది. "సరే, మీరే చెప్పండి. నిన్న మధ్యాహ్నం ఆవిడ ఏం తిన్నారు?"

పిచ్చేశ్వరరావు భార్య వంక చూశాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన తిని లేచాకే ఆవిడ వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది. ఆయన ఏనాడైనా చూస్తే కదా!

"మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం, తల్లీ," అంది సౌభాగ్యమ్మ నెమ్మదిగా. "నాలుగు ముద్దలు నమిలితే దవడ పీకేస్తోంది. కణతలు ఒకటే పోటు. దువ్వెన ఆనితే ప్రాణం పోతోంది. నెల దాటింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"అడిగినప్పుడల్లా ఆయనే చెప్పేశారు గదమ్మా."

డాక్టరు రక్తపరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందు ఎక్కించడం మొదలుపెట్టింది. "కణతల దగ్గర రక్తనాళాలు వాచే జబ్బు ఇది," అంది పిచ్చేశ్వరరావుతో. "కంటికి రక్తం అందక చూపు ఉన్నట్టుండి పోతుంది. కన్ను మాత్రం నొప్పెట్టదు. నొప్పంతా తలలో, దవడలో ఉంటుంది. అది ఆవిడ చెబితేనే తెలుస్తుంది, మీరు చెబితే కాదు!"

మందు పనిచేసింది. ఎడమకన్ను దక్కింది. కుడికన్ను ఇక రాదని డాక్టరు చెప్పేసింది. తలనొప్పి మొదలైనప్పుడే వచ్చి ఉంటే రెండూ దక్కేవంది. పిచ్చేశ్వరరావు ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. ఏడిస్తే కన్ను వస్తుందా?

నీతి: ఎవరి బాధ వారికే తెలుస్తుంది. ఎంత దగ్గరివారమైనా వారి బదులు మనం జవాబు చెప్పకూడదు. వారినే చెప్పనిచ్చి, చివరిదాకా వినాలి.