తేదీ తప్పనిసరి

వకుళ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరు కాలమాల. జరిగిన సంగతులు ఒక్కొక్కటిగా రాసి, వాటి పక్కన తేదీ, సమయం పెడితే చాలు, అన్నింటినీ వరసగా ఒక గీత మీద చుక్కల్లా గుచ్చి చూపిస్తుంది. కేసులు వాదించే లాయర్లు, చరిత్ర చెప్పే లెక్చరర్లు, పత్రికల వాళ్లు దాన్ని వాడుతున్నారు.

దాన్ని మూసేస్తున్నానని తన గురువుకు చెప్పడానికి ఆమె కర్నూలు బస్సెక్కింది.

గురువు పేరు రహీముల్లా. పాలిటెక్నిక్‌లో ఆమెకు ప్రోగ్రామింగ్ నేర్పిన మనిషి. రిటైరయ్యాక ఊళ్లోనే ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. రాసిన ప్రోగ్రాం మొరాయిస్తే పాత శిష్యులు ఇప్పటికీ ఆ గుమ్మం తొక్కుతారు. ఆయన పెద్దగా ఏమీ చెప్పరు. టీ తాగించి పంపేస్తారు. తిరిగి వెళ్లే దారిలో ఎక్కడో వాళ్లకే తప్పు తెలిసొస్తుంది.

వకుళ వచ్చి చాప మీద కూర్చుంది. బ్యాగు దించలేదు.

"సారూ, వాడేవాళ్లను అడిగి చెయ్యమన్నారు మీరు. అట్లే చేసినా. ఇక నా వల్ల కాదు. మూసేస్తున్నా."

సారు వింటూ ఉన్నారు.

ఆమె మాట అబద్ధం కాదు. మొదటి రోజు నుంచీ కస్టమర్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చింది. మీరు చెప్పండి, నేను చేస్తాను అంది. తెనాలి లాయరొకాయన సాక్షికొక రంగు కావాలన్నాడు, పెట్టింది. వరంగల్ లెక్చరరు క్రీస్తుపూర్వం తేదీలు కావాలన్నాడు, పెట్టింది. కొన్నాళ్లు పండగలా సాగింది. తర్వాత ఒకరు కావాలన్నది మరొకరు తీసెయ్యమన్నారు. తిట్లు మొదలయ్యాయి. కలిసి మొదలుపెట్టిన స్నేహితుడు విసిగిపోయి వేరే ఉద్యోగంలో చేరాడు. వకుళ ఒక్కతే మిగిలింది. ఎవరి మాట వినాలో, ఎవరి మాట వదిలెయ్యాలో తనే తేల్చుకోవడం అలవాటు చేసుకుంది. అందులో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది.

"అదంతా ఓర్చుకున్నా సారూ. నంద్యాల ఆయన సంగతే..." అని ఆగిపోయింది.

నంద్యాల ఆయన పేరు సుంకన్న. ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు. కొడుకు కిరీటి దూరపు ఊళ్లో ఏదో కాలేజీ హాస్టల్లో ఉండి చదివేవాడు. జ్వరమొచ్చింది. తగ్గిందిలే నాన్నా అని సాయంత్రం ఫోన్లో చెప్పాడు. తెల్లవారి గదిలో పిల్లలు లేపితే లేవలేదు.

హాస్టలు వాళ్ల నిర్లక్ష్యం మీద విచారణ పెట్టారు. సుంకన్న ఆ రోజు జరిగినవన్నీ కాలమాలలో ఎక్కించుకుంటూ, ఒక దగ్గర ఆగిపోయాడు. కొడుకు పోయిన సమయం. డాక్టర్లు సాయంత్రానికీ తెల్లవారుజాముకూ మధ్య ఎప్పుడైనా అయ్యుండొచ్చన్నారు. సాఫ్ట్‌వేర్ మాత్రం సమయం పెట్టనిదే ముందుకు కదలదు. ఆ గడిని ఖాళీగా వదిలే వీలు కల్పించమని ఆయన గ్రూపులో అడిగాడు. మళ్లీ అడిగాడు.

వకుళ జవాబిచ్చింది: "సమయం లేకపోతే గీత మీద ఎక్కడ పెట్టాలండీ? ఒక అంచనా వేసి పెట్టండి."

ఆయన రాత్రి ఒంటిగంట అని పెట్టాడు.

ఆయన అచ్చుతీసి, సంతకం పెట్టి విచారణలో ఇచ్చాడు. హాస్టలు తరఫు వాళ్లు ఆ కాగితమే పట్టుకున్నారు. పన్నెండింటికి వార్డెన్ గదులన్నీ తిరిగి చూశాడు, పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు, తర్వాత గంటకే ప్రాణం పోయిందని తండ్రే రాసిచ్చాడు, ఉన్నట్టుండి జరిగినదానికి ఎవరేం చేస్తారు అన్నారు. వార్డెన్ ఆ రాత్రి నిజంగా తిరిగాడో లేదో ఆ తర్వాత ఎవరూ అడగలేదు. విచారణ ముగిసింది.

సుంకన్న గ్రూపులో ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినట్టే అంచనా వేసి పెట్టినానమ్మా. కేసు పోయింది. నాకిక దీని అవసరం లేదు" అని రాసి వెళ్లిపోయాడు.

ఇదంతా చెప్పి వకుళ తల వంచుకుంది. కాసేపటికి తనే అంది:

"కానీ సారూ, నేను తప్పేం చెప్పినా? తేదీ లేని సంగతిని గీత మీద ఎట్ల పెడతారు ఎవరైనా? అంచనా వెయ్యమన్నా. అంతే కదా."

సారు ఆమె బ్యాగు వైపు చూశారు.

"కంప్యూటర్ తెచ్చినావా?"

"తెచ్చినా."

"మూసేముందు నాకొకటి చేసిపెట్టు. నా బతుకు."

వకుళ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆయన చెబుతుంటే ఎక్కించడం మొదలుపెట్టింది.

"పుట్టింది."

"తేదీ సారూ?"

"ఉల్లి పీకే రోజులని అమ్మ చెప్పేది."

బడి రికార్డులో ఉన్న తేదీ అడిగి ఆమె అదే పెట్టింది. చదువు, ఉద్యోగం, నూర్జహానమ్మతో నిఖా. వాటికి తేదీలున్నాయి. గీత మీద చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. వకుళ వేళ్లు చురుగ్గా కదులుతున్నాయి. ఎన్నో రోజుల తర్వాత తన పని మళ్లీ అందంగా కనిపించింది ఆమెకు.

"నూర్జహాన్ పోయింది," అన్నారు సారు.

వకుళ వేళ్లు ఆగాయి. చదువుకునే రోజుల్లో ఆమెకు ఎన్నోసార్లు అన్నం పెట్టిన చెయ్యి అది. ఊరు మునిగిన వరదలో పోయింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"ఏ రోజు సారూ?"

"నువ్వే పెట్టు. నీకు తెలుసు కదా."

ఆమె మెల్లగా ఒక తేదీ కొట్టింది. సారు వంగి చూశారు.

"అది దొరికిన రోజు. నీళ్లు తీసినాక ముళ్లకంపల్లో దొరికింది. పోయింది ఎప్పుడు?"

వకుళ అది చెరిపేసి వరద వచ్చిన రోజు పెట్టింది.

"ఆ రోజు పొద్దుగూకేటప్పుడు పడవ మీద పోయేవాళ్లు చూసినారు. మిద్దె మీద ఉండె. పడవ నిండిపోయింది, మళ్లొస్తామని చెప్పి పోయినారు. చెయ్యి ఊపిందంట."

వకుళ అదీ చెరిపేసింది. మధ్యలో ఇంకో రోజు ఉంది. ఆ రోజు మీదికి ఆమె చెయ్యి పోలేదు.

గడి ఖాళీగా ఉంది. కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: తేదీ తప్పనిసరి. ఆ రెండు మాటలు రాసింది ఆమే.

"అంచనా వెయ్యమ్మా," అన్నారు సారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అన్నారు.

వకుళ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

సారు కాసేపు ఆ ఎర్ర అక్షరాల వైపు చూసి, లేచి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. గిన్నె చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వకుళ లోపలికి వెళ్లి చూడలేకపోయింది.

*

ఆమె కాలమాలను మూసెయ్యలేదు. అలాగని ఉత్సాహమేమీ రాలేదు. గ్రూపు తెరిచి ఒక ప్రశ్న పెట్టింది. ఇన్నాళ్లూ ఏం కావాలి అని అడిగిన మనిషి, ఈసారి ఇలా అడిగింది:

"దీనిలో మీరు ఎప్పుడైనా అబద్ధం పెట్టాల్సి వచ్చిందా?"

సాయంత్రానికి వరంగల్ లెక్చరరు రాశాడు. ఏడాది మాత్రమే తెలిసిన శాసనాలన్నింటికీ జనవరి ఒకటి అని పెట్టాడట. ఆయన దగ్గర చదివే పిల్లలు ఇప్పుడు రాజులందరూ జనవరి ఒకటినే దానాలు చేశారనుకుంటున్నారట. అది చదివి కొందరు నవ్వారు.

తర్వాత తెనాలి లాయరు రాశాడు. మొగుడు ఎప్పటి నుంచి కొడుతున్నాడని అడిగితే తన క్లయింటు చెప్పలేక ఏడ్చిందట. గడి నింపాలి కాబట్టి పెళ్లైన మరుసటి నెల అని తనే పెట్టాడట. ఎదుటి లాయరు ఆ నెలలో దిగిన ఫొటోలు తెచ్చి కోర్టులో చూపించాడట. అన్నింట్లోనూ ఆమె నవ్వుతోంది.

ఇంతవరకూ గ్రూపులో నోరు మెదపని ఒక నర్సు రాసింది: "మా అమ్మ నన్ను మరిచిపోవడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఒక ఆదివారం పెట్టాను. ఇప్పుడు ప్రతి ఆదివారం భయమేస్తుంది."

ఆ వారమంతా జవాబులు వస్తూనే ఉన్నాయి. వకుళ ఒక్కదానికీ సంజాయిషీ ఇవ్వలేదు. తను గర్వంగా చూసుకున్న ఆ గీతల నిండా తన మాట విని జనం పెట్టిన అబద్ధాలే ఉన్నాయి. కొన్ని ఇక ఎవరూ దిద్దలేనివి.

ఆమె మళ్లీ ప్రోగ్రాం రాయడానికి కూర్చుంది. ఏ సంగతికైనా సమయం బదులు రెండు హద్దులు పెట్టుకోవచ్చు. దీని తర్వాత, దీనికి ముందు. అప్పుడు గీత మీద చుక్క పడదు, బూడిదరంగు పట్టీ పడుతుంది. మొదటిసారి చేసినప్పుడు పట్టీ మధ్యలో అందంగా ఉంటుందని ఒక చిన్న చుక్క కూడా పెట్టింది. చూసిన నర్సు అడిగింది, ఆ చుక్క ఎందుకండీ అని. వకుళ తీసేసింది.

*

వకుళ నంద్యాలకు బయల్దేరుతుంటే తనూ వస్తానన్నారు సారు. ఇద్దరూ కలిసి వెళ్లారు.

సుంకన్న వాళ్లను లోపలికి పిలిచి కుర్చీలు వేశాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. వకుళ క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

"నీదేముందిలేమ్మా. రాసింది నేనే కదా."

"కేసు మళ్లీ తెరిపించడానికి..."

"లాయర్ను అడిగినా. కుదరదన్నాడు. సంతకం పెట్టింది మీరే కదా అన్నాడు."

వకుళ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. కొత్తగా చేసింది చూపించి, వద్దంటే మూసేస్తానంది. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. వార్డెన్ తిరిగాడన్న సమయం కొట్టి, పక్కన 'వాళ్లు చెప్పింది' అని రాశాడు. గదిలో పిల్లలు లేపిన సమయం. సాయంత్రం కొడుకు ఫోన్ చేసిన సమయం తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ తప్పు కొట్టాడు. వకుళ సాయం చేద్దామని చెయ్యి చాపింది. సారు ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా వెనక్కి తీశారు.

సుంకన్న కొడుకు పేరు రాశాడు. దీని తర్వాత, దీనికి ముందు. రెండు హద్దులూ పెట్టాడు.

ఫోన్ దగ్గర మొదలైన బూడిదరంగు పట్టీ వార్డెన్ చుక్క దాటి, ఇంకా సాగి, తెల్లవారి పిల్లల కేకల దాకా పోయింది.

సుంకన్న వెనక్కి వాలాడు.

"ఇంత పొడుగుందా," అన్నాడు.

వకుళకు భయమేసింది. ఒంటిగంట అన్న ఆ అబద్ధం ఈ తండ్రికి ఒక గంట బాధనే చూపించింది. తను చేసుకొచ్చిన నిజం రాత్రంతా చూపిస్తోంది.

"ఈ పొడుగున నా కొడుకు ఎక్కడున్నాడమ్మా?" అని అడిగాడాయన.

ఏదైనా ఒక జవాబు చెప్పడం వకుళకు అలవాటు. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె సారు వైపు చూసింది. సారు నేల చూస్తున్నారు.

"తెలియదండీ," అంది వకుళ.

సుంకన్న తల ఊపాడు.

"తెలియదన్న ఆ మాట ఆస్పత్రిలో అనలేదు. హాస్టల్లో అనలేదు. విచారణలో కూర్చున్నాయన అనలేదు," అన్నాడు. కొంచెం ఆగి, "నేనూ అనలేదు," అన్నాడు.

ఆయన ముందుకు వంగి, తెర మీద ఆ బూడిదరంగు పట్టీ మొదట్లో వేలు పెట్టాడు. అక్కడి నుంచి కొసదాకా, ఎక్కడా ఎత్తకుండా, చాలా మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఆ వేలు ఆగేదాకా గురువూ శిష్యురాలూ కదలకుండా కూర్చున్నారు.