వెనక్కి వెళ్లని కారు

ఒక రాజుగారికి పొదుపు మీద మోజు పుట్టింది. ఇకమీదట దేశంలోకెల్లా చిన్న కారులో తిరుగుతానని ప్రకటించి, ఊరి చివర ఇంట్లోనే పని చేసుకునే ఒక మెకానిక్‌కి దాన్ని తయారుచేసే పని అప్పగించారు.

మెకానిక్ పనిమంతుడు. మూడు చక్రాలు, స్కూటర్ ఇంజను, ఒక్కటే సీటు. పక్కన తలుపుకి చోటు చాలక, బీరువాకి ఉన్నట్టు ముందువైపు పెట్టాడు. అంతా బాగుంది గానీ రివర్స్ గేరు తీసేయమన్నారు మంత్రిగారు. రాజన్నవాడు వెనకడుగు వేయకూడదట. ఎక్కడైనా ఇరుక్కుంటే దిగలేరని మెకానిక్ గొణిగాడు. గొణుగుడు మంత్రుల దాకా ఎక్కడ వినపడుతుంది?

మొదటి ఊరేగింపు మెకానిక్ ఇంటికే వచ్చింది. పనివాణ్ణి గౌరవించాలని రాజుగారి ముచ్చట. ఆ ముచ్చటలో బ్రేకు కాస్త ఆలస్యంగా తొక్కారు. కారు ముక్కు ఇంటి గోడకి ఆనుకుపోయింది. తలుపు తెరుచుకోదు. సందు ఇరుకు, పక్కకి తిప్పే వీలూ లేదు. అద్దాల వెనక రాజుగారికి చెమటలు పోస్తున్నాయి.

మెకానిక్ పరిగెత్తుకెళ్లి కారు వెనక కడ్డీ పట్టుకున్నాడు.

"బరువేం లేదయ్యా. జానెడు వెనక్కి లాగితే చాలు."

మంత్రి అతని చెయ్యి పట్టుకున్నాడు. "రాజుగారిని వెనక్కి లాగుతావా? మెడ మీద తల ఉండాలని లేదా నీకు?"

పండితులు నడివీధిలోనే సభ తీర్చారు. ముందుకు పోయే దారే చూడాలని, రాజన్నవాడు వీధిలోనే దిగాలని తేల్చారు. పలుగులొచ్చాయి. అది పదేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్న ఇల్లు. మెకానిక్ మంత్రి కాళ్ల మీద పడ్డాడు. అతని భార్య సగం ఉడికిన అన్నం గిన్నెతో పెరటి తలుపు గుండా బయటపడింది. ముందు గోడ పడింది, కప్పు కూలింది, వెనక గోడా పోయింది. రాజుగారు పొయ్యి మీదుగా అవతలి వీధిలోకి వెళ్లి, హాయిగా దిగారు. ఇంత కాస్త పెట్రోలుతో ఇంత దూరం రావడం ఎంత ఆదా అని మురిసిపోయారు.

సాయంత్రం మెకానిక్‌కి శాలువా కప్పారు. పరివారానికీ అలాంటి కార్లే కావాలట, నలభై.

మెకానిక్‌కి ఏడుపు ఆగలేదు. "ఎక్కడ కూర్చుని చెయ్యమంటారయ్యా? ఇల్లు లేదుగా."

"ఆరుబయట చెయ్యి" అన్నాడు మంత్రి భుజం తట్టి. "కప్పు ఖర్చు కూడా మిగులుతుంది."

నలభై అన్న మాట చెవిన పడగానే, ఇరుగుపొరుగు వాళ్లు ఇళ్లలోకి వెళ్లి, సామాను బయటికి చేరవేయడం మొదలుపెట్టారు.