పిండం ముట్టని కాకి

రౌద్రి నామ సంవత్సరం, రోళ్లు పగిలే ఎండాకాలం. అనగనగా మేరుగిరి రాజ్యాన్నేలే రాజు కన్నుమూశాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రసేనుడు గద్దె నాదన్నాడు. నడిపివాడు శూరసేనుడు కాదు, నాదన్నాడు. చిన్నవాడు చిత్రాంగదుడు తక్కువ తిన్నాడా? వాడూ నాదే అన్నాడు! మూడు దండులు లేచాయి. ఒకరి ఊళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు.

ఒకనాటి పోరులో పెద్దన్న బంటు కత్తి విరిగి చిత్రాంగదుడి కాళ్ల దగ్గర పడింది. పిడి మీద తేలు బొమ్మ. తన కత్తి చూసుకున్నాడు. తేలు! నడిపన్న బంటు కత్తి లాక్కుని చూశాడు. తేలే!

"ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు చాటుగా నా డేరాకు వచ్చి, 'గెలుపు నీదే' అని కత్తులూ చిలకా ఇచ్చిపోయాడే! వాళ్లకూ ఇచ్చాడా?" అని పళ్లు కొరికాడు.

వాడి గుట్టేమిటో తేల్చుకోవాలని జాలరి దొర కూతురు నూకాలు పడవెక్కాడు.

"కత్తి తిప్పినట్టు కాదు దొరా, తెడ్డు తిప్పాలి!" అని నవ్వింది నూకాలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. మాంత్రికుడి కోటలో మూడు పంజరాలున్నాయి. మూడూ ఖాళీ!

గుమ్మంలోని ముసలి తాబేలు కిసుక్కుమంది. "వాడి ప్రాణం మూడు చిలకల్లో ఉంది నాయనా. మీరు జామపళ్లు పెట్టి మేపుతున్నది వాటినే! మీరు కొట్టుకుని కూలబడ్డాక రాజ్యం వాడిది. మూడు చిలకలూ చస్తే వాడు చస్తాడు. కానీ ఏ చిలక చస్తే, దాన్ని అందుకున్న కుడిచెయ్యి బూడిదవుతుంది."

వెనక్కి వచ్చేసరికి తండ్రి తద్దినం. ఆ రోజు కొడుకులు కత్తి ముట్టకూడదని, ఒకే విస్తట్లో పిండం పెట్టాలని ఆ దేశపు కట్టడి. ముగ్గురూ భుజాల మీద చిలకలతో ఏటి ఒడ్డుకు వచ్చారు. కాకి వాలింది. పిండం ముట్టలేదు.

"తిను కాకమ్మా, మా నాన్న ఆకలితో ఉంటాడు" అని పెద్దవాడు బతిమాలాడు.

"ఆకలే! కానీ మీ చేతులు చిలక కంపు కొడుతున్నాయి" అంది కాకి.

చిత్రాంగదుడు తాబేలు మాట చెప్పాడు.

"నా చిలకను చంపించి నువ్వు గెలుద్దామనా? ఎంత తెలివిరా చిన్నోడా!" అన్నాడు నడిపివాడు.

"అయితే ముందు నాదే!"

చిలక మెడ పుటుక్కుమంది. చిత్రాంగదుడి కుడిచెయ్యి మణికట్టు దాకా బూడిదై రాలింది.

"తమ్ముడూ!" అని పెద్దవాడు గావుకేక పెట్టి తన చిలక మెడ పట్టి విరిచేశాడు. నడిపివాడు వాణ్ణీ వీణ్ణీ చూశాడు. "నేను మాత్రం మీ అన్నదమ్ముణ్ణి కానా?" అని తన చిలక మెడా విరిచాడు. అంతే! ఏడు సముద్రాలూ ఘొల్లుమన్నాయి. మాంత్రికుడు మసైపోయాడు. తేలు కత్తులన్నీ మైనంలా కరిగిపోయాయి. ముగ్గురూ ఎడమచేతులతో పిండం ఎత్తి పట్టుకుంటే కాకి కడుపారా తింది.

పెద్దవాడు గద్దెక్కాడు. నడిపివాడు కోటలు చూసుకున్నాడు. చిన్నవాడు నూకాలును పెళ్లాడి సముద్రతీరమంతా ఏలాడు. తాళికి ఒక కొస నూకాలే పట్టుకుంటే మూడు ముళ్లూ పడ్డాయి. తలలు నెరిసేదాకా ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నారు. తగలబడిన ఊళ్లలో సగం మళ్లీ లేవలేదు. ముగ్గురిలో ఒక్కరికీ కుడిచెయ్యి లేదు.